రాకాసికి రంగు – ఘటోత్కచుని రూపకల్పన, డిజిటల్ వర్ణీకరణ: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

కార్టూన్ రాక్షసునికి వ్యక్తిత్వం ఎక్కడినుంచి వస్తుంది, అందులో రంగు వాటా ఎంత అన్న ప్రశ్నను ఘటోత్కచ పాత్ర ఆధారంగా ఈ వ్యాసం చర్చిస్తుంది. వ్యాసభారతంలోని వర్ణన, నాట్యశాస్త్రంలోని వర్ణవిధానం, 1957 నాటి 'మాయాబజార్' చిత్రం, 2010లో విడుదలైన దాని డిజిటల్ వర్ణప్రతి ఇందులో ప్రధానంగా పరిశీలించిన అంశాలు. వర్ణీకరణను సాంకేతిక పునరుద్ధరణగా కాక పాఠవ్యాఖ్యానంగా చదవాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఘటోత్కచుడు, మాయాబజార్, ఆహార్యం, రూపకల్పన, డిజిటల్ వర్ణీకరణ, కామరూపం.

ఉపోద్ఘాతం

పాత్రచిత్రణ గురించి తెలుగులో వచ్చిన విమర్శ ఎక్కువగా మాటను ఆధారం చేసుకున్నది. పాత్ర ఏమన్నది, ఏం చేసింది, దాని మనోధర్మం ఏమిటి అన్నవాటికి మన దగ్గర చక్కని పరిభాష ఉంది. పాత్ర కంటికి ఎలా కనిపిస్తుంది, దాని చర్మం ఏ రంగు, ఆ రంగును ఎవరు ఎందుకు నిర్ణయించారు అన్న ప్రశ్నలను మాత్రం చిత్రకారులకు వదిలేశాం. చిత్రకారులు వాటికి తమ కుంచెతో జవాబు చెప్పారేగాని వ్యాసాలు రాయలేదు. నేడు పిల్లలు పురాణపాత్రలను మొదట కలుసుకొనేది పుస్తకంలో కాదు, తెరమీద. అక్కడ ప్రతి రాక్షసునికీ ఎవరో ఒకరు రంగు ఎంచి నింపుతున్నారు. ఆ ఎంపికను సాహిత్యవిమర్శ పట్టించుకోకపోవడం ఇకమీదట కుదరదు.

కార్టూన్ రాక్షసుడు అన్న మాటను ఇక్కడ కొంత విస్తృతార్థంలో వాడుతున్నాను. భయం కలిగించవలసిన అవయవాలనే అతిశయింపజేసి, ఆ అతిశయాన్ని నవ్వువైపు మళ్లించిన రూపం అని నా భావం. ఆలంకారికుల పరిభాషలో చెప్పాలంటే అతిశయోక్తి రేఖారూపం ధరిస్తే కార్టూన్ అవుతుంది. ఈ అర్థంలో తెలుగువారికి అత్యంత సన్నిహితుడైన కార్టూన్ రాక్షసుడు యానిమేషన్‌లో పుట్టలేదు. ఎస్.వి. రంగారావు శరీరంలో పుట్టాడు.

వ్యాసుడు ఇచ్చిన రంగులు

సంస్కృత భారతం ద్రోణపర్వంలో, ఘటోత్కచవధ ఘట్టంలో, కర్ణుని ఎదిరించడానికి వస్తున్న ఘటోత్కచుని రూపాన్ని వ్యాసుడు తలనుంచి మొదలుపెట్టి వివరంగా వర్ణించాడు. నేడు యానిమేషన్ సంస్థల్లో ఒక పాత్రను గీసేముందు తయారుచేసుకొనే నమూనాపత్రానికి ఆ వర్ణన ఏమాత్రం తీసిపోదు. ఎర్రని కళ్లు, రాగిరంగు ముఖం, లోనికి పోయిన పొట్ట, నిక్కిన వెంట్రుకలు, పచ్చరాయి ఛాయగల మీసగడ్డాలు, మేకుల్లాంటి చెవులు, పెద్ద దవడలు, చెవులదాకా చీలిన నోరు, వాడి కోరలు, రాగిరంగు నాలుక, రాగిరంగు పెదవులు, వేలాడే కనుబొమలు, లావు ముక్కు, నీలి శరీరం, ఎర్రని మెడ. గడ్డానికి వ్యాసుడు వాడిన 'హరి' శబ్దానికి పసుపు, కపిలం, ఆకుపచ్చ అనే ఛాయలన్నీ ఉన్నాయి కాబట్టి ఆ ఒక్కచోట చిత్రకారునికి కొంత స్వేచ్ఛ మిగిలింది. తక్కినచోట్ల రంగు స్పష్టం.

ఈ వర్ణనను చదివేటప్పుడు సందర్భాన్ని మరువరాదు. అది రాత్రియుద్ధం. అంతకుముందే ఉభయ సేనలూ దీపాలు వెలిగించుకున్నాయి. నీలిశరీరం చీకటిలో కలిసిపోతుంది. వెలుగు తగిలి మెరిసేవి రాగిముఖం, ఎర్రకళ్లు, ఎర్రమెడ మాత్రమే. అంటే దూరంనుంచి చూసే కౌరవసైనికునికి మొదట శరీరం కనబడదు, గాలిలో తేలివస్తున్న ముఖం కనబడుతుంది. ఈ మాట వ్యాసుడు చెప్పలేదు. ఆయన ఇచ్చిన రంగులూ ఆయన పెట్టిన వెలుగూ కలిపితే ఏర్పడే దృశ్యం ఇది. రంగును దీపంతో కలిపి ఊహించడం నేటి డిజిటల్ చిత్రకారుని మొదటి పాఠం కాబట్టి ఈ సంగతిని ప్రస్తావించవలసి వచ్చింది.

మరొక విశేషం ఆభరణాల గురించి. ఈ భయంకరశరీరానికి వ్యాసుడు కిరీటం, బాలసూర్యునివంటి కుండలాలు, బంగారుమాల, కంచుకవచం తొడిగాడు. రథానికి ఎలుగుబంటి తోళ్లు కప్పి, ధ్వజంపై గద్దను నిలిపాడు. శరీరం అడవిది, అలంకారం రాజుది. ఘటోత్కచుడు భీముని కొడుకన్న సంగతిని ఆ కుండలాలే చెబుతున్నాయి. వ్యక్తిత్వం అని మనం నేడు అంటున్నది ఈ రెంటి మధ్య ఒరిపిడిలోనే మొలకెత్తిందని నా అభిప్రాయం. పూర్తిగా భయంకరమైనది వ్యక్తి కాదు, ఉపద్రవం. దానికి ఒక కుండలం తొడిగినప్పుడు, ఇది తొడిగినవారెవరు అన్న ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్నతో కథ పుడుతుంది.

ఆ పేరు సంగతీ ఇటువంటిదే. ఆదిపర్వంలో బిడ్డ తల కుండలా, వెంట్రుకలు లేకుండా ఉన్నందున ఆ పేరు వచ్చినట్లు కనిపిస్తుంది. ద్రోణపర్వానికి వచ్చేసరికి వెంట్రుకలు నిక్కి ఉన్నాయి. 'ఉత్కచ' శబ్దం రెండర్థాలకూ చోటిస్తుంది కాబట్టి పండితులు సరిపెట్టుకోగలరు. బొమ్మ గీసేవానికి మాత్రం సరిపెట్టుకోవడం కుదరదు, ఏదో ఒకటి గీయాలి. మాయాబజార్ రూపకర్తలు జుట్టునే ఎంచుకున్నారు. ఆ నిర్ణయం ఎంత గట్టిదంటే, బోడితల ఘటోత్కచుణ్ని నేడు ఎవరైనా గీస్తే తెలుగు పాఠకుడు గుర్తుపట్టడు.

భరతుని వర్ణవిధానం

నాట్యశాస్త్రం ఆరో అధ్యాయంలో భరతుడు రసాలకు రంగులు చెప్పాడు. హాస్యానికి తెలుపు, రౌద్రానికి ఎరుపు, వీరానికి గౌరం, భయానకానికి నలుపు, బీభత్సానికి నీలం, అద్భుతానికి పసుపు. ఆహార్యాభినయ ప్రకరణంలో తెలుపు, నీలం, పసుపు, ఎరుపు అనే నాలుగింటిని మూలవర్ణాలుగా తీసుకొని, వాటి కలయికతో ఉపవర్ణాలను సాధించే పద్ధతి చెప్పాడు. నీలమూ పసుపూ కలిస్తే హరితం, తెలుపూ ఎరుపూ కలిస్తే పద్మవర్ణం, ఎరుపూ పసుపూ కలిస్తే గౌరం. రాక్షసులకు శ్యామవర్ణం విధించినదీ ఈ ప్రకరణంలోనే.

ఈ రెండు జాబితాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. పాత్రజాతిని బట్టి ఒక రంగు, పాత్ర పండించే రసాన్ని బట్టి మరొక రంగు. రాక్షసుడు భయానకాన్నో బీభత్సాన్నో పోషిస్తున్నంతకాలం చిక్కు లేదు, రెండూ ఒకేవైపు చూస్తాయి. రాక్షసుడు హాస్యాన్ని పోషిస్తే? జాతి నల్లగా ఉండమంటుంది, రసం తెల్లగా ఉండమంటుంది. కార్టూన్ రాక్షసుని సమస్య అంతా ఈ ఒక్క ప్రశ్నలో ఉంది. కథకళి ఈ చిక్కును వేషాల వర్గీకరణతో తీర్చుకున్నది. అక్కడ పచ్చ, కత్తి, తాడి, కరి అన్న పేర్లే పాత్రస్వభావాన్ని ముందుగా చెప్పేస్తాయి. మన ప్రదర్శనకళల్లో అంత కట్టుదిట్టమైన వర్ణవ్యాకరణం లేదు. అది లోపమని కొందరనవచ్చు. నాకు మాత్రం అది అవకాశంగానే కనిపిస్తుంది.

తోలుబొమ్మలాటను ఈ సందర్భంలో తలచుకోవాలి. నిమ్మలకుంటవంటి గ్రామాల్లో నేటికీ తయారవుతున్న తోలుబొమ్మలో రంగు పైపూత కాదు. పలుచగా సాగదీసిన తోలులోకి రంగు ఇంకుతుంది. వెనుకనుంచి దీపం పడితే ఆ రంగులోంచి వెలుగు ప్రసరిస్తుంది. చందమామ పుటపై రంగు వెలుగును తిప్పికొడితే, తోలుబొమ్మలో రంగు వెలుగును దారి ఇచ్చి పంపుతుంది. ఫోన్ తెర, కంప్యూటర్ తెర ఈ విషయంలో పుస్తకానికి కాదు, తోలుబొమ్మకు చుట్టాలు. అచ్చుబొమ్మలో ముదురురంగు అంటే సిరా ఎక్కువ. తెరమీద ముదురురంగు అంటే వెలుగు తక్కువ. రాక్షసుణ్ని నల్లగా చేయడమంటే అక్కడ సిరా పోయడం, ఇక్కడ దీపం తగ్గించడం. ఈ భేదం ముందుముందు పనికివస్తుంది.

బూడిదరంగులో రాక్షసుడు

1957లో విజయా సంస్థ మాయాబజార్‌ను విడుదల చేసింది. దర్శకుడు కె.వి. రెడ్డి, రచయిత పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే, కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి అంతకు పదేళ్లముందు, 1947లో, చందమామను ప్రారంభించినవారే. పిల్లల పత్రికనూ పౌరాణిక చిత్రాన్నీ ఒకే ఇల్లు తీర్చిదిద్దడం యాదృచ్ఛికం అనిపించదు. గోఖలే చిత్రకారుడే కాక కథకుడు కూడా. బొమ్మకు కథ తెలుసు, కథకు బొమ్మ తెలుసు.

శశిరేఖాపరిణయం కథ వ్యాసభారతంలో లేదు. అది జనంలో పుట్టి, సురభివారి రంగస్థలంమీద పెరిగి, సినిమాలోకి వచ్చిన కథ. ద్రోణపర్వపు ఘటోత్కచుడు చావడానికి వచ్చినవాడు. కర్ణుని శక్తి ఆయుధం ఖర్చయిపోవడానికి అతడు బలి కావాలి. మాయాబజార్ ఘటోత్కచుడు పెళ్లి చేయడానికి వచ్చినవాడు. పని మారినప్పుడు రూపం మారక తప్పదు. వ్యాసుని నమూనాపత్రంలోంచి సినిమా ఏమి తీసుకున్నది, ఏమి వదిలింది అని చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. కిరీటం ఉంది, కుండలాలు ఉన్నాయి, హారాలు ఉన్నాయి. మేకు చెవులు లేవు, చెవులదాకా చీలిన నోరు లేదు, లోనికి పోయిన పొట్ట అసలే లేదు. అలంకారం నిలిచింది, శరీరం మారింది. ఆ స్థానంలో విశాలమైన ఛాతీ, గుండ్రని బుగ్గలు, భుజాన గద, మీసం, నవ్వు వచ్చి చేరాయి. రూపకల్పనలో గుండ్రని ఆకారాలు చనువునూ కోణాలు ప్రమాదాన్నీ సూచిస్తాయన్నది నేటి చిత్రకళాబోధనలో తరచు వినిపించే సూత్రం. వ్యాసుడు కోణాలతో కట్టిన శరీరాన్ని గోఖలే బృందం వృత్తాలతో తిరిగి కట్టింది.

హిడింబగా సూర్యకాంతాన్ని ఎంపిక చేయడమూ ఈ రూపకల్పనలో భాగమే. గయ్యాళిగా ప్రేక్షకులకు పరిచితమైన ముఖం ఇక్కడ తల్లి ముఖమైంది. రాక్షసి అనగానే ప్రేక్షకుడు ఎదురుచూసే గద్దింపు ఆమెలో మెత్తనైన గౌరవంగా మారుతుంది. కొడుకు అమ్మమాట జవదాటడు. ఘటోత్కచుని వ్యక్తిత్వానికి మూలస్తంభం ఇదే: ఎంత ఎత్తుకు పెరిగినా ఇంట్లో పిల్లవాడే. బంధుత్వాలు చెప్పి పరిచయం చేయగానే శత్రువు తమ్ముడవుతాడు, ఎత్తిన గద దిగిపోతుంది. వృద్ధుని వేషంలో ఉన్న కృష్ణుడు ఆటపట్టించినప్పుడు అతనిలో కనిపించే ఉక్రోషం యోధునిది కాదు, ఓడిపోతున్న పిల్లవానిది. కొత్తమాటలు పుట్టించాలన్న పట్టు, నచ్చినవారికి వీరతాడు వేయించే ఉదారత, 'వివాహభోజనంబు' పాటలో లడ్డూలు ఎగిరివచ్చి నోట్లో పడుతుంటే ముఖంలో వెలిగే తృప్తి, ఇవన్నీ ఒకే స్వభావానికి చెందినవి.

ఇంతకూ ఈ ఘటోత్కచుని రంగేమిటి? నలుపు తెలుపు చిత్రం ఈ ప్రశ్నకు జవాబు చెప్పదు, చెప్పవలసిన అవసరమూ దానికి లేదు. కాని ఒక్కటి చెబుతుంది. అతని ముఖపు బూడిదఛాయ తక్కిన మానవపాత్రల ముఖాలకు దగ్గరగానే ఉంటుంది. అలంకరణకారులు అతని ముఖానికి మసి పూయలేదు. భరతుడు జాతిని బట్టి విధించిన శ్యామవర్ణాన్ని పక్కనబెట్టి, రసాన్ని బట్టి చెప్పిన తెలుపు, గౌరాల వైపు మొగ్గారన్నమాట. శాస్త్రం చదివి అలా చేశారని నేననను. నవ్వించే ముఖంలోని కండరాల కదలిక స్పష్టంగా కనబడాలంటే వెలుగు కావాలి. ఆ అవసరమే వారిని అటు నడిపించి ఉండవచ్చు.

వర్ణీకరణ అనే వ్యాఖ్యానం

2010 జనవరిలో మాయాబజార్ రంగుల్లో తిరిగి వచ్చింది. హైదరాబాదులోని ఒక సాంకేతిక సంస్థ ఈ పని చేసింది. మూడుగంటల నిడివిగల సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేముల లెక్కన రెండున్నర లక్షలకు పైబడిన చిత్రాలు. ఆ శ్రమను తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆనాడు దీన్ని రంగులు అద్దిన పాతబంగారంగా మాత్రమే చూశాం. నష్టమా లాభమా అన్న వాదం జరిగింది. ఏ రంగు, ఎందుకు అన్న వాదం జరగలేదు.

ఈ వాదానికి కాస్త సాంకేతికజ్ఞానం అవసరం. డిజిటల్ చిత్రంలో ప్రతి బిందువుకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంశాలు, ఒక్కొక్కదానికి 256 మెట్లు ఉంటాయని తీసుకుంటే, సాధ్యమైన రంగులు 1,67,77,216. నలుపు తెలుపు చిత్రంలో ఉండేవి 256 బూడిదమెట్లు మాత్రమే. అంటే ఒక్కొక్క బూడిదమెట్టు వెనుక సగటున 65,536 రంగులు దాగి ఉన్నాయి. వర్ణకారుడు చేసే పని వాటిలో ఒకదాన్ని ఎంచడం. పాత ఫ్రేములోని వెలుగునీడలను చెదరనీయకుండా, దానిపై వర్ణాన్ని మాత్రం చేరుస్తాడు. ముఖం, కిరీటం, వస్త్రం, నేపథ్యం అంటూ ఫ్రేమును ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్కదానికి రంగు నిర్ణయించి, పాత్ర కదులుతుంటే ఆ ప్రాంతపు సరిహద్దును వెంబడిస్తాడు. మూలం చెదరదు, అర్థం చేరుతుంది. మల్లినాథుడు కాళిదాసుకు చేసిన పని ఇదే. అందుకే వర్ణీకరణను పునరుద్ధరణ అనకుండా వ్యాఖ్యానం అంటున్నాను. వ్యాఖ్యాతకు మూలంపట్ల విధేయత ఉంటుంది. అయినా అనేకార్థాలున్నచోట ఒకటి ఎంచుకోక తప్పదు.

ఈ వ్యాఖ్యాత ఘటోత్కచునికి మానవచర్మపు రంగు ఎంచుకున్నాడు. ఆభరణాలకు బంగారం. మొదటిసారి చూసినప్పుడు నాకు ఇది పిరికి నిర్ణయంగా తోచింది. వ్యాసుడు నీలి శరీరం, ఎర్రమెడ ఇచ్చాడు కదా, అరవైయైదు వేల రంగుల్లో అవి లేకపోయాయా అనుకున్నాను. సెమినార్ పత్రంలో ఆ మాటే రాశాను కూడా. తరువాత లెక్క చూసుకుంటే నా తొందరపాటు తెలిసింది. ఒక రంగు బూడిదలోకి మారినప్పుడు దాని వెలుగులో మూడు అంశాల వాటా సమానం కాదు. టెలివిజన్ సాంకేతికతలో స్థిరపడిన ప్రమాణం ప్రకారం ఎరుపు వాటా సుమారు 30 శాతం, ఆకుపచ్చది 59, నీలానిది 11 మాత్రమే. నీలం స్వభావతః తక్కువ వెలుగుగల రంగు. 1957లో లేతబూడిదగా చిత్రితమైన ముఖానికి, ఆ వెలుగును మార్చకుండా, గాఢనీలం పూయడం సాధ్యం కాదు. మహా అయితే పాలిపోయిన ఆకాశంరంగు వస్తుంది. ద్రోణపర్వంలోని నీలాంగుడు ఆ ఫ్రేములో ఎన్నడూ లేడు. అతణ్ని 2010లో ఎవరూ చెరిపివేయలేదు. 1957లోనే దీపాలు పెట్టి బయటికి పంపేశారు.

అప్పుడు ప్రశ్న మరింత పదునెక్కుతుంది. రాక్షసుణ్ని మన ఇంటి మనిషిని చేయడానికి ముందు అతని నలుపును తీసివేయవలసి వచ్చిందా? నలుపు ఉంచి ఇంటి మనిషిని చేయడం అసాధ్యమా? కృష్ణుని సంగతి చూడండి. పేరులోనే నలుపున్న దేవుడు. తరువాతి రంగుల పౌరాణికాల్లో అతనికి నీలిరంగు పూయడం ఆనవాయితీ అయింది. ఆ నీలాన్ని చూసి ఎవరూ జడుసుకోలేదు. నీలం దేవుని ఒంటిమీద ఉంటే సౌందర్యం, రాక్షసుని ఒంటిమీద ఉంటే బీభత్సం. కాబట్టి భయం రంగులో లేదు. భయాన్ని రంగుకు అంటించినది మన అలవాటు.

ఈ అలవాటు లేకుండా రాక్షసుణ్ని ఊహించిన సందర్భం వేరొకచోట కనిపిస్తుంది. 2001లో పీట్ డాక్టర్ దర్శకత్వంలో పిక్సార్ సంస్థ తీసిన 'మాన్‌స్టర్స్ ఇన్‌కార్పొరేటెడ్' చిత్రంలో సలీవన్ అనే రాక్షసునికి నీలిఆకుపచ్చ బొచ్చు, దానిపై ఊదా మచ్చలు. అతని మిత్రుడు మైక్ ఒంటికన్ను ఉన్న ఆకుపచ్చని బంతి. ప్రతినాయకుడు రాండల్ ఊదారంగు ఊసరవెల్లి, గోడ రంగులో కలిసిపోగలవాడు. అక్కడ దుష్టత్వానికి గుర్తు నల్లరంగు కాదు, స్వంతరంగు లేకపోవడం. మనుషుల చర్మానికి చెందని రంగులను వాడటంవల్ల ఆ చిత్రం మన చిక్కులో పడకుండా తప్పించుకున్నది. తప్పించుకున్నదేగాని పరిష్కరించలేదు. పురాణాన్ని తీసుకున్నవానికి ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే మన రాక్షసులు మనకు చుట్టాలు. మాయాబజార్‌కు కె.వి. రెడ్డి దగ్గర పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు 2008లో ఘటోత్కచుని బాల్యాన్ని యానిమేషన్ చిత్రంగా తీశారు. అక్కడ రాక్షసుడు పూర్తిగా పసివాడైపోయాడు, భయం అన్నదే సమస్య కాకుండా పోయింది.

మాయాశశిరేఖ: రంగు లేని రాక్షసత్వం

వర్ణవాదాన్ని ఇంతదూరం లాగిన తరువాత దాన్ని మాయాబజార్ తానే ఒకచోట పక్కకు నెట్టేస్తుందని ఒప్పుకోవాలి. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన తరువాత తెరమీద ఉన్నది సావిత్రి. రాక్షసుని దేహం లేదు, గద లేదు, మీసం లేదు. అయినా ప్రేక్షకునికి అనుమానం రాదు. ఎవరూ లేనప్పుడు నడకలో అంగ బారెడు అవుతుంది, భుజాలు విచ్చుకుంటాయి, లేని మీసంవైపు చెయ్యి వెళుతుంది. ఎవరైనా వస్తున్నారనగానే ఆ దేహం చటుక్కున కుదించుకొని వయ్యారాలు పోతుంది. రెండుక్షణాల్లో రెండు దేహాలు. వర్ణప్రతిలోనూ ఈ రెంటికీ ఒకటే చీర, ఒకటే చర్మఛాయ. రంగు ఏ సాయమూ చేయలేదు.

ఇక్కడ ఆహార్యం ఆంగికానికి తలవంచింది. పాత్ర వ్యక్తిత్వం మొదట కదలికలో ఉంటుంది, తరువాత ఆకారంలో, ఆ తరువాతనే రంగులో. ఈ వరుసక్రమాన్ని యానిమేషన్ శిక్షణలో నేర్పుతారు. సావిత్రి నేర్పకుండానే చూపింది. రాక్షసుడు కామరూపి అన్న పురాణభావనకు కూడా ఈ ఘట్టం చక్కని భాష్యం. ఇష్టమైన రూపం ధరించగలవానికి స్వంతరంగు ఏది? వ్యాసుడు చెప్పిన నీలం కూడా యుద్ధానికని వేసుకొన్న వేషమే కావచ్చు.

అయితే ఒక సవరణ. రంగు వ్యక్తిత్వాన్ని సృష్టించలేకపోవచ్చు, అడ్డుకోగలదు. ముఖాన్ని మరీ చీకటిలో ముంచితే కనుబొమ కదలిక కనబడదు. కదలిక కనబడకపోతే వ్యక్తి కనబడడు. ముదురుఛాయ ముఖాలను సరైన వెలుగుతో చిత్రించడం నేర్చుకోని చిత్రకారుడు, ఆ ముఖాలకు వ్యక్తిత్వం లేదన్న భ్రమను తనకు తెలియకుండానే కలిగిస్తాడు. ఇది నాకు పుస్తకాలు చెప్పిన సంగతి కాదు.

తరగతిగదిలో

కళాశాలలో డిగ్రీ విద్యార్థులకు పౌరాణికపాత్రల రూపకల్పనపై చిన్న అభ్యాసం పెట్టాను. ద్రోణపర్వ వర్ణనను తెలుగులో చెప్పి, గీతబొమ్మ ఒకటి ఇచ్చి, ఫోన్లలో రంగు నింపమన్నాను. మాదిరికోసం నేను ముందే ఒకటి చేసి చూపించాను. చర్మానికి ఆ యాప్‌లో సిద్ధంగా ఉన్న ముదురు గోధుమరంగు తీసుకొని, నీడలకు నలుపు వాడాను. పెద్దగా ఆలోచించలేదు.

ఒక అమ్మాయి చాలాసేపు రంగు వేయకుండా కూర్చున్నది. తరువాత తన చేతి వెనుకభాగాన్ని ఫోటో తీసి, అందులోంచి రంగును గ్రహించే పరికరంతో తీసి, ఘటోత్కచుని ఒంటికి నింపింది. పక్కనున్నవారు నవ్వారు. ఎందుకలా చేశావని అడిగితే, "రాక్షసుడంటే నలుపేగా మేడమ్. నలుపెలా ఉంటుందో నా దగ్గరే ఉంది. మీరు వేసినదైతే మట్టిలా ఉంది" అన్నది. ఆ అమ్మాయి నన్ను నిందించలేదు. నా దగ్గర జవాబు లేదు. వెనుక గోడమీద నా మాదిరిబొమ్మ ఇంకా వెలుగుతూనే ఉంది. అందులో కళ్లూ పళ్లూ తప్ప ముఖమే కనబడటం లేదు.

ఆ గంట మిగిలిన సమయమంతా ఆ బొమ్మ మీదనే గడిచింది. ముదురుఛాయపై నల్లని నీడ వేస్తే చర్మం బురదగా మారుతుంది. నీడల పొరకు నలుపు తీసివేసి ముదురు ఊదా పెట్టింది. చెంపఎముకమీద, ముక్కుకొనమీద, భుజాలమీద లేతనీలపు వెలుగు గీసింది, పైన ఆకాశం ఉన్నట్లుగా. ఊదానీడ, నీలివెలుగుల నడుమ ఆమె చేతిరంగు వెచ్చగా కనబడటం మొదలైంది. దూరంనుంచి చూస్తే దేహం మొత్తం నీలంగానే తోచింది. వ్యాసుడన్న నీలాంగుడు ఇటువంటివాడే అయివుంటాడన్న ఊహ నాకు మొదటిసారి అప్పుడే కలిగింది. నీలమంటే పూత కాకపోవచ్చు, నల్లని ఒంటిమీద వెలుగు పడినప్పుడు పుట్టే ఛాయ కావచ్చు. దీనికి పాఠ్యాధారం చూపలేను. నీల, శ్యామ, కృష్ణ శబ్దాలు మన కావ్యాల్లో ఒకదాని స్థానంలో మరొకటి ఎందుకంత సులభంగా వస్తాయో వివరించడానికి మాత్రం ఈ ఊహ ఉపకరిస్తుంది. ఆ శబ్దాలను రంగుపేర్లుగా కాక వెలుగు స్థితులుగా చదివే ప్రయత్నం విడిగా జరగాలి.

కళ్లకు ఎరుపు వేయనన్నది. ఏడ్చినట్లు ఉంటుందట. మీసానికి పసుపుపచ్చ ఒప్పుకున్నది. కుండలాలకు ఉదయపు నారింజరంగు వేసి, దాని ఛాయ దవడమీద పడేట్టు చూసింది. మెడ మాత్రం నేను చదివి వినిపించినట్లే ఎర్రగా ఉంచింది.